మజ్జిగలో కలిపిన మందు

తన అన్నంలో మేమేదో కలిపి పెడుతున్నామని మా తమ్ముడికి అనుమానం. అది జబ్బు లక్షణమేనని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట విన్న కొద్ది రోజులకే మేం నిజంగా కలపడం మొదలుపెట్టాం.

అప్పుడు వాడు డిగ్రీ చదువుతున్నాడు. చదువు మధ్యలో మానేసి ఇంటికొచ్చాడు. గోడ అవతల ఎవరో తనని తిడుతున్నారనేవాడు. రాత్రిపూట లైటు వేసుకుని గోడకి చెవి ఆనించి కూర్చునేవాడు. స్కిజోఫ్రీనియా అన్నారు. మాత్ర ఇస్తే ఉమ్మేసేవాడు. "రోగం నాకు కాదు, మీకు" అనేవాడు. ఆ మాత్రల్లోని హాలోపెరిడాల్ చుక్కల మందుగా కూడా దొరుకుతుంది. రంగుండదు, వాసనుండదు, రుచుండదు. ఆ ఉపాయం ఎవరు చెప్పారన్నది ఇప్పుడు అనవసరం. అమ్మ మజ్జిగ గ్లాసు నింపేది, చుక్కలు నేను వేసేవాణ్ణి. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఇంట్లో మందుల పెత్తనం నాదే.

మజ్జిగ తాగని రోజున కాఫీలో వేసేవాణ్ణి. ఆ మందు కాఫీ, టీలతో కలవదనీ, విరిగి అడుక్కి చేరుతుందనీ చాలాకాలం తర్వాత ఒక ఫార్మసిస్టు చెప్పాడు. అంటే ఒకరోజు వాడి ఒంట్లోకి పూర్తి మోతాదు వెళ్లింది, ఇంకోరోజు అది గ్లాసు అడుగునే ఉండిపోయింది. నేనేమో చుక్కలు లెక్కపెట్టి వేస్తున్నానని గొప్పగా అనుకున్నాను.

మూడో రోజో నాలుగో రోజో రాత్రి భోజనాలయ్యాక వాడి మెడ ఒక పక్కకి తిరిగి బిగుసుకుపోయింది. కళ్లు పైకి వెళ్లిపోయి కిందికి దిగడం లేదు. దవడ ఒంకరపోయింది, నాలుక మడత పడింది. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తీసుకుని దిష్టి తీసింది. పక్కింటాయన పరుగున వచ్చి ఇనప తాళంచెవుల గుత్తి వాడి గుప్పిట్లో పెట్టాడు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాం.

డ్యూటీ డాక్టరు అడగాల్సిన ప్రశ్న సరిగ్గానే అడిగాడు. "ఏవైనా మందులు వాడుతున్నాడా?" నేను "లేదండీ" అన్నాను. వాడు మంచం మీదే ఉన్నాడు మరి. అవునంటే, వాడి అనుమానం నిజమని వాడి ఎదుటే ఒప్పుకున్నట్టవుతుంది. కాబట్టి అబద్ధం చెప్పాను. ఫిట్స్ అనుకున్నారు. కుక్కేమైనా కరిచిందా, మేకు గుచ్చుకుందా అని కూడా అడిగారు. సెలైన్ పెట్టారు. మెడ మాత్రం అలాగే ఉంది.

చివరికి ఒక పెద్ద సిస్టర్ నన్ను వరండాలోకి రమ్మని సైగ చేసింది. "ఫిట్స్‌లో మనిషికి తెలివుండదు బాబూ. ఈ అబ్బాయి నేను అడిగినదానికల్లా చెయ్యి ఊపుతున్నాడు. మనసుకి సంబంధించిన మందులేమన్నా పడ్డాయా?" అంది. అప్పుడు చెప్పాను. ఆవిడ నన్నేమీ అనలేదు, లోపలికెళ్లి డాక్టరుతో మాట్లాడింది. ఫెనర్గాన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంట తిరక్కముందే మెడ నిలబడింది, కళ్లు దిగాయి.

దాన్ని డిస్టోనియా అంటారు. హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టిన మొదటి నాలుగైదు రోజుల్లోనో, మోతాదు పెంచినప్పుడో వస్తుంది. పడుచు వయసు మగపిల్లల్లో ఎక్కువ. గొంతు కండరాలు పట్టేస్తే ప్రాణం మీదికొస్తుంది, లేకపోతే ఒక్క ఇంజెక్షన్‌తో పోతుంది. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే వాడు ఆ గంటలు భరించాల్సిన పనే లేదు. పైగా మనిషి స్పృహలోనే ఉంటాడు. మంచం చుట్టూ మేం మాట్లాడుకున్నవన్నీ, నా "లేదండీ"తో సహా, వాడు విన్నాడు.

తెల్లారి వాడు "నాకేమైంది?" అని అడిగాడు. "నరం పట్టేసిందిలే" అన్నాను. డాక్టరుగారు పాసిటేన్ రాశారు. దాన్నీ పొడి చేసి కలిపాం. ఇప్పుడు దొంగచాటు మందులు రెండయ్యాయి. పాసిటేన్‌తో వాడికి నోరు పిడచకట్టుకుపోయేది, మలబద్ధకం వచ్చేది, పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయేవి. "ఎవరో ఏదో పెడుతున్నారు" అనేవాడు. మేం దాన్ని జబ్బు ఖాతాలో రాసుకున్నాం.

ఆ తర్వాత వాడు నడవడం మొదలుపెట్టాడు. కొన్ని వారాలు గడిచాక మాట ఇది. భోజనానికి కూర్చుంటే రెండు ముద్దలు తిని లేచేవాడు. నిలబడితే ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉండేవాడు. రాత్రంతా వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగేవాడు. తెల్లవారుజామున కాలువగట్టు మీదికి వెళ్లిపోయేవాడు. కూర్చోరా అంటే కసిరేవాడు. రోగం ముదిరిందని అమ్మ ఏడ్చింది. నేను గుంటూరు వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. వాణ్ణి తీసుకెళ్లలేదు. తీసుకెళ్తే ఏ మందు కోసమని అడుగుతాడు కదా. రాత్రుళ్లు నిద్రపోవడం లేదు, అశాంతిగా తిరుగుతున్నాడు, కోపం పెరిగిందని చెప్పాను. ప్రతి మాటా నిజమే. మనిషిని చూడకుండా ఈ మూడు మాటలు విన్న ఏ డాక్టరైనా జబ్బు పెరిగిందనే అనుకుంటాడు. మోతాదు పెరిగింది. ఆయన చెప్పినదానికంటే రెండు చుక్కలు నేనే ఎక్కువ వేశాను. నడక ఇంకా ఎక్కువైంది.

ఈ అశాంతిని అకథీసియా అంటారు. ఇది కూడా మందు వల్ల వచ్చిందే. మోతాదు పెంచితే పెరుగుతుంది, తగ్గిస్తే చాలామందిలో నెమ్మదిస్తుంది. ప్రొప్రనొలాల్ అనే పాత గుండె మందు కొంతమందికి పనిచేస్తుంది. అకథీసియాలో బయటికి కనిపించేది సగమే. మిగిలింది లోపల ఉంటుంది, ఆ మనిషి చెబితే తప్ప తెలియదు. చాలా ఏళ్ల తర్వాత వాడు నాకు చెప్పాడు: "గోడ అవతలి గొంతులు నాకు కొత్త కాదు అన్నయ్యా, వాటితో ఎలాగో బతకొచ్చు. కాళ్లలో పుట్టిన ఆ కంగారుతో బతకలేను అనిపించింది. నడిస్తే కాస్త తగ్గేది. ఆగానంటే మళ్లీ మొదలు." మందు పడుతోందని తెలిసి ఉంటే ఈ ముక్క అప్పుడే అనేవాడు. "ఇది వేసుకున్నప్పటి నుంచి ఇలా ఉంది" అని చెప్పగలిగేవాడు. నేను దాచింది చుక్కల్ని మాత్రమే కాదు. తన ఒంట్లో జరుగుతున్నదానికి కారణం చెప్పే అవకాశం కూడా వాడికి లేకుండా చేశాను. కాలువగట్టు మీదికి ఎందుకు వెళ్లేవాడో కూడా చెప్పాడు. అది ఇక్కడ రాశాను, వాడు చదివి కొట్టేశాడు.

పెంచిన మోతాదుతో నెలలు గడిచాక నడక ఆగింది. మేం సంతోషించాం. వాడు అరుగు మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాడు. మొహంలో ఏ భావమూ లేదు. రెప్ప వేయడం కూడా తక్కువే. నడిస్తే చేతులు ఊగవు. అన్నం ముద్ద నోటి దాకా వెళ్లడానికి ఎంతో సేపు పట్టేది. చొల్లు కారేది. "కుర్రాడు కుదుటపడ్డాడయ్యా" అని ఊళ్లో పెద్దలు అన్నారు. నేనూ తలూపాను. అది కుదుటపడటం కాదు, మందు తెచ్చిన పార్కిన్సన్ లక్షణం. జబ్బు కాని నడకని జబ్బనుకున్నాం, స్వస్థత కాని బిగుతుని స్వస్థత అనుకున్నాం. రెండుసార్లూ మా లెక్కే తప్పింది.

చేతిరాత సంగతి ఇప్పటికీ నాకు సిగ్గుచేటే. వాడికి నోటుబుక్కులో రాసుకునే అలవాటుంది. అక్షరాలు రోజురోజుకీ చిన్నవైపోయాయి. పంక్తి మొదట్లో గింజంత, చివరికి ఆవగింజంత. పిల్లల రాతలు దిద్దడమే నా ఉద్యోగం, నా కళ్లు దాన్ని చూశాయి కూడా. చాలాకాలం తర్వాత చదివాను: జర్మనీలో హాజె అనే వైద్యుడు, ఈ మందుల తొలి రోజుల్లో, రోగి చేతిరాత చిన్నదవడాన్నే కొలతగా పెట్టుకున్నాడట. రాత కొద్దిగా మారితే మందు సరిపోయినట్టు. అంతకంటే ఎక్కువ బిగుసుకుంటే మితిమీరినట్టు. కళ్లముందున్న కొలబద్దని నేను వదిలేశాను.

ఈ మందులు పనిచేసేది మెదడులోని డోపమైన్ మీద. దాని గురించి పిల్లలకి ఒక్క ముక్క చెప్పేవాణ్ణి, పరీక్షలో రాదు కాబట్టి అక్కడితో ఆపేవాణ్ణి. తర్వాత కూర్చుని చదివితే ఆ కథ మన సర్పగంధ దగ్గర మొదలైనట్టు కనిపించింది. ఆ వేరు ఉన్మాదాన్నీ రక్తపోటునీ తగ్గిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ వైద్య పత్రికలో రాశారు. అందులోంచి తీసిన రిసర్పిన్‌ని స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకి ఎక్కించాడు. అవి కదలకుండా పడిపోయాయి. డోపమైన్‌కి ముడిసరుకైన ఎల్-డోపా ఇస్తే మళ్లీ లేచాయి. అది 1957 నాటి మాట. కదలికకి డోపమైన్ కావాలని ఆ కుందేళ్ల వల్లే తెలిసింది. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి ముందే, 1952లో, పారిస్‌లోని సెంట్ ఆన్ ఆస్పత్రిలో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్‌ని మానసిక రోగులకి వాడి చూశారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ సంస్థ హాలోపెరిడాల్ తయారుచేసింది. గొంతులు వినిపించడం తగ్గాలంటే డోపమైన్ అందుకునే ఒక రకం గ్రాహకాల్ని మూయాలి. కదలికని నడిపే చోట కూడా అవే గ్రాహకాలున్నాయి. మందు ఒకచోట తలుపు మూసి ఇంకోచోట తెరిచి ఉంచలేదు. స్కానింగ్ పరిశోధనల్లో తేలిందేమంటే, దాదాపు 65 శాతం గ్రాహకాలు మూసుకుంటే జబ్బు లొంగుతుంది, 80 శాతం దగ్గరికి వెళ్తే ఒళ్లు బిగుసుకుంటుంది. ఈ రెంటి మధ్య హాలోపెరిడాల్‌కి ఉన్న చోటు చాలా ఇరుకు. నా రెండు చుక్కలు పడింది అక్కడే.

చివరికి సీసా వాడికే దొరికింది. బియ్యం డబ్బా వెనక దాచాం. వాడు దాన్ని తీసుకుని మెడికల్ షాపుకెళ్లి, ఇది దేనికి వాడతారని అడిగాడు. అరవలేదు, గొడవ పెట్టలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో వండింది ముట్టలేదు. అరటిపళ్లు, పెంకు తీయని ఉడకబెట్టిన గుడ్లు, తన ఎదుట కొట్టిన కొబ్బరిబోండాం, అంతే. ఎవరూ ఏమీ కలపడానికి వీల్లేనివి ఏరుకున్నాడు. పిచ్చివాడి ఆలోచన అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ ఇంట్లో అంతకంటే తెలివైన ఆలోచన ఎవరూ చేయలేదు.

మందు ఒక్కసారిగా ఆగిపోయింది. ఒళ్లు వదులైంది, మొహంలో కళ వచ్చింది. కొన్నాళ్లు మేం మోసపోయాం, మందే రోగమేమో అనుకున్నాం. తర్వాత గొంతులు ముప్పేటగా తిరిగొచ్చాయి, వాణ్ణి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇది చెప్పకపోతే అబద్ధమవుతుంది. మందు లేకుండా మా తమ్ముడు లేడు. ఈ వ్యాసం చదివి ఎవరైనా తమవాళ్ల మందు ఆపేస్తే అది నేను చేసిన రెండో తప్పే.

అక్కడి డాక్టరుగారు వాణ్ణి కూర్చోబెట్టి మందు పేరు చెప్పారు. ఏం చేస్తుందో, ఏం చెడగొడుతుందో చెప్పారు. రెండు చేతులూ చాపమన్నారు, మోచెయ్యి మడిచి చూశారు, నడిపించారు. నేను జవాబు చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి "ఆయన్ని చెప్పనివ్వండి" అన్నారు. వాడు చాలాసేపు చెప్పాడు. మజ్జిగ గురించి కూడా చెప్పాడు. ఆయన నా వైపు చూడకుండా రాసుకున్నారు.

ఆ తర్వాత మాత్రలు వాడే వేసుకున్నాడు, మానింది కొద్దిసార్లే. మొదట హాలోపెరిడాల్ తక్కువ మోతాదులో, తర్వాత రిస్పెరిడోన్. కొన్నేళ్లు బాగానే గడిచాయి. ఒకసారి కిరాణా కొట్టాయన "మీవాడు గుట్కా అలవాటు చేసుకున్నాడా?" అని అడిగాడు. మా ఆవిడ గమనించి చూసింది. నోట్లో ఏమీ లేకుండానే దవడ ఆడుతోంది, పెదాలు ముడుచుకుని విప్పుకుంటున్నాయి, నాలుక బుగ్గని తోస్తోంది. ఈసారి తెలియనిది వాడికి. "నేనా? లేదే వదినా" అన్నాడు.

ఇది టార్డివ్ డిస్కినీసియా. నెలలూ ఏళ్లూ వాడాక వస్తుంది. పాతకాలపు మందుల మీద ఉన్న వయోజనుల్లో ఏటా నూటికి సుమారు అయిదుగురికి వస్తుందని లెక్క. వయసు మళ్లినవాళ్లలో ఇంకా ఎక్కువ. మందు ఆపితే వెంటనే పోదు, కొన్నిసార్లు కొన్నాళ్లపాటు పెరుగుతుంది కూడా. పాసిటేన్ దీనికి మేలు చేయదు, కీడే చేయవచ్చు. విచిత్రమేమంటే ఇది తమకుందని చాలామందికి తెలియదు, ఎదుటివాళ్లే చెప్పాలి. అకథీసియాకి సాక్షి లోపలివాడు, దీనికి సాక్షి బయటివాడు. ఇద్దరి మధ్యా మాటలుంటేనే రెండూ దొరుకుతాయి. మజ్జిగ రోజులు అలాగే సాగి ఉంటే, నీ దవడ ఆడుతోందని మేం చెప్పినా వాడు నమ్మడు. నమ్మించే ముఖం మాకూ లేదు.

ఇప్పుడు వాడు క్లోజపిన్ మీద ఉన్నాడు. ఒళ్లు బిగించకుండానే జబ్బుని లొంగదీయవచ్చని మొదట చూపించిన మందు అదే. 1975లో ఫిన్లాండ్‌లో తెల్లకణాలు పడిపోయి కొందరు చనిపోవడంతో చాలా దేశాల్లో మూలపడింది, మళ్లీ రావడానికి పదిహేనేళ్లు పట్టింది. అందుకే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష, ఆ తర్వాత కూడా పరీక్షలు తప్పవు. బరువు పెరిగాడు, రాత్రి దిండు చొల్లుతో తడుస్తుంది. లాభనష్టాలు లెక్కేసుకుని ఒప్పుకున్నది వాడే. దవడ ఆడటం తగ్గింది, పూర్తిగా పోలేదు. దానికి టెట్రబెనజీన్ కూడా ఉంది. అది సర్పగంధ మందులాగే నరాల కొసల్లోని డోపమైన్ నిల్వని తగ్గిస్తుంది, అలాగే దిగులూ తెప్పించగలదు. ఆ దిగులు భయంతో వాడు వద్దన్నాడు. ఆ కుదురుకే చెందిన కొత్త మందులు రెండింటికి అమెరికాలో 2017లో అనుమతి దొరికింది.

ఈ కదలికల్ని కనిపెట్టేందుకు ఇంట్లో మా ఆవిడ ఒక చిన్న పరీక్ష నేర్చుకుంది. ఎయిమ్స్ అంటారు, ఢిల్లీ ఆస్పత్రికీ దీనికీ సంబంధం లేదు. 1976లో అమెరికా మానసిక ఆరోగ్య సంస్థ తయారుచేసిన కొలత ఇది. చేతుల్లేని గట్టి కుర్చీలో కూర్చోబెట్టాలి. నోట్లో వక్కపలుకు కూడా ఉండకూడదు, కట్టుడుపళ్లుంటే చూసుకోవాలి. చేతులు మోకాళ్ల మీద, నోరు తెరవాలి, నాలుక చాపాలి, బొటనవేలితో మిగతా వేళ్లని ఒక్కొక్కటే తట్టాలి, నాలుగడుగులు నడిచి వెనక్కి రావాలి. అసలు చూడాల్సింది వేళ్లు తట్టేటప్పుడు మొహంలో ఏం కదులుతోందన్నది. వాడు దీన్ని డ్రిల్లు అంటాడు. తారీకు వేసి నోటుబుక్కులో తనే రాసుకుంటాడు, డాక్టరుగారికి అదే చూపిస్తాడు.

అమ్మకి డెబ్భై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది, నడక నెమ్మదించింది. వయసు అనుకున్నాం. తమ్ముడు ఒక రోజు ఆమె చెయ్యి పట్టుకుని మోచేతి దగ్గర మడిచి చూశాడు, తనకి డాక్టరు చేసినట్టే. "అమ్మ ఏం మాత్రలు వేసుకుంటోంది?" అన్నాడు. బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర అన్నాం. గ్యాస్ మాత్ర అట్ట తెచ్చి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివాడు. రాబెప్రజోల్‌తోపాటు లెవోసల్పిరైడ్ ఉంది. అది కూడా డోపమైన్ గ్రాహకాల్ని మూసేదే, మానసిక రోగాలకి వాడే కుటుంబంలోది. మన దగ్గర కడుపుబ్బరానికి విరివిగా ఇస్తారు, మెడికల్ షాపులో చీటీ లేకుండా ఏళ్ల తరబడి కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. అమ్మా అలాగే కొనుక్కుంది. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్‌తోనూ, తల తిరుగుడుకి వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్‌లతోనూ ఇలాంటి ఇబ్బందులు రావచ్చు. డాక్టరు ఆ మాత్ర మాన్పించారు. కొన్ని నెలల్లో అమ్మ వణుకు చాలావరకు తగ్గింది.

"నాకు పోసినది నీకూ పడింది చూశావా" అని వాడు అమ్మతో నవ్వుతూ అన్నాడు. అమ్మ నవ్వలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఒక హక్కుంది. తెలివిలో ఉన్నప్పుడే మనిషి రాసి పెట్టుకోవచ్చు: నాకు మళ్లీ జబ్బు తిరగబెడితే ఈ చికిత్స చేయండి, ఇది చేయవద్దు అని. తన తరఫున మాట్లాడేందుకు ఒకరిని నియమించుకోనూ వచ్చు. అత్యవసర చికిత్సకి ఆ కాగితం వర్తించదు. డాక్టరుకి అభ్యంతరముంటే సమీక్షా బోర్డుకి వెళ్లవచ్చు. అయినా అదొక ఆధారం. తమ్ముడు రాశాడు. హాలోపెరిడాల్ ఇవ్వవద్దు. ఏ మందైనా నాకు పేరు చెప్పి ఇవ్వండి. తిండిలో కలపవద్దు.

ప్రతినిధి పేరు రాయాల్సిన చోట నా పేరు లేదు, మా ఆవిడది ఉంది. చదివి సంతకం చేసేవాళ్లలో ఒకణ్ణిగా నన్ను పిలిచాడు. "వదిన అయితే నా ముందు అబద్ధం చెప్పదు అన్నయ్యా" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఫారం నింపుతూ కారణం చెప్పాడంతే. వాడు చూపించిన చోట సంతకం పెట్టాను.